పంది కేక

మా చిన్నత్త వెదురుకట్టె లేకుండా చేనులో అడుగు పెట్టేది కాదు. వీర్నపల్లి వైపు మక్కచేన్లను అడవిపందులు పాడుచేస్తాయని కొందరు రైతులు చుట్టూ కరెంటు తీగ కడతారు. అలాంటి తీగ తగిలే మా మామ అరిచి అరిచి చచ్చిపోయాడు. ఆ తర్వాత ఎవరి చేనులో తీగ కనిపించినా గుంజలు కూలేదాకా ఆమె కట్టెతో కొట్టేది.

ఒకసారి పక్కచేను రైతు తీగ బిగిస్తూ దొరికాడు. ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"పందులకు కడుతున్న వదినె, మనుషులకు గాదు," అని అతను ఏడ్చాడు.

"మరి మనిషెట్ల సచ్చిండురా?" అంటూ ఇంకోటి వేసింది.

ఊరు ఆమెకు పిచ్చి అంది. తీగ కట్టినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

నిరుడు ఒక శాస్త్రవేత్త మా ఊరికి సోలార్‌తో నడిచే సౌండ్ డబ్బా తెచ్చాడు. ప్రాణభయంతో అరిచే పంది కేకను రికార్డు చేసి అందులో పెట్టారట. అది వింటే మిగతా పందులు ఆ చేను దిక్కు రావట. బటన్ నొక్కగానే గొంతు కోస్తున్నట్టు పంది అరిచింది. జనం నవ్వారు. అత్త కట్టె నేలకు ఆనించి చివరిదాకా విన్నది.

"నిజంగనే ఉరుకుతయా సారూ?"

"పారిపోతాయమ్మా. తమ జాతి కేక కదా."

అత్త మా అందరి వైపు తిరిగింది.

"మా ఆయన మొత్తుకున్నది గీ ఊరంత ఇన్నది," అంది. "మల్ల పంటకు మల్ల తీగలే గట్టిన్రు."