ఫోర్‌వే స్టాప్ దగ్గర ఒక ‘యో’

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మా కింది ఫ్లాట్‌లో ఒక జపాన్ ఆవిడ ఉండేది. స్మార్ట్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. కంపెనీ పంపితే వచ్చిన భర్త, ఆవిడని ఇంట్లో కూర్చోబెట్టి, నాలుగేళ్ల పాపని ప్రీస్కూల్ వ్యాన్ ఎక్కించి, ఉన్న ఒక్క కారూ వేసుకుని పొద్దున్నే పోయేవాడు. ఆ ఊళ్లో కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేం. శనివారాలు నా కారులో డ్రైవింగ్ నేర్పుతానన్నాను. బదులుగా నాకు జపనీస్ నేర్పాలి. ఒక భాషలో పోట్లాడటం వస్తేనే ఆ భాష వచ్చినట్టని నా నమ్మకం.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. మొదటిరోజే వాక్యం చివర తగిలించే రెండు ముక్కలు చెప్పింది. ‘నే’ అంటే మన ‘కదూ’ లాంటిది, ఎదుటివాళ్లని కలుపుకుంటుంది. ‘యో’ అంటే ‘నేను చెబుతున్నాగా, విను’ అని. నాకేది నచ్చిందో చెప్పక్కర్లేదు. చలేస్తే ‘సముయి యో’, సాంబారు పోస్తూ ‘అత్సుయి యో, వేడి’.

“చలితో కూడా పోట్లాడుతున్నావు, అక్కాసాన్,” అనేది. నన్ను అక్కా అనమన్నాను. ఒట్టి అక్క మర్యాదగా ఉండదని, మన ‘గారు’ లాంటి ‘సాన్’ తనే చేర్చింది.

స్టీరింగ్ బాగానే పట్టుకునేది. చిక్కంతా నాలుగువైపులా స్టాప్ బోర్డులుండే కూడలిలో. ముందొచ్చిన కారు ముందు పోవాలి. ఈవిడ ముందొచ్చి ఆగి, తర్వాతొచ్చిన ప్రతి కారుకీ తలవంచి దారిచ్చేది. వాళ్లు పొమ్మని చెయ్యూపితే ఇంకోసారి వంగేది. వెనకవాడు హారన్ కొడితే అద్దంలోంచి అతనికీ ఒక నమస్కారం. లైసెన్సు కోసం వెళ్లిన రెండు రోడ్ టెస్టులూ ఇక్కడే పోయాయి.

ఒక శనివారం పార్కింగ్ లాట్‌లో ఇంజిన్ ఆపేసింది. “ఈసారీ పోతే ఇంక మానెయ్యమన్నారు మా ఆయన.”

“ఆయన అంటే సరిపోయిందా?”

“మొన్న పాపకి జ్వరమొచ్చిందని ప్రీస్కూల్ నుంచి ఫోన్ చేశారు. ఆయన వచ్చేదాకా అక్కడే పడుకుంది.”

“నన్ను పిలవొచ్చుగా.”

“నువ్వు ఆఫీసులో ఉన్నావు. బాగోదు.”

“బాగోకపోవడమేంటి నీ మొహం,” అన్నాను తెలుగులో. అర్థమైనట్టే ఉంది.

ఆ రోజు బ్రేకుల గురించీ అద్దాల గురించీ ఏమీ చెప్పలేదు. ‘నా వంతు’ని జపనీస్‌లో ఏమంటారో అడిగి తెలుసుకుని, స్టాప్ దగ్గర తన వంతు రాగానే పైకి అనమన్నాను: ‘వతాషి నో బాన్ యో.’

“కార్లో ఎవరు వింటారు?”

“నువ్వు వింటావు.”

“మా ఊళ్లో అలా అంటే ఏమనుకుంటారో.”

“మా ఊళ్లో అనకపోతే అన్నం కూడా మిగలదు.”

కూడలికొచ్చాం. ఎదురుగా ఒక వ్యాన్ వచ్చి ఆగింది. ఈవిడ తల వంగబోయి ఆగింది. “వతాషి నో బాన్ యో... నే,” అంది. నా వంతే, అవునంటావా, అన్నట్టు.

“ఆ నే తీసెయ్.”

తీసెయ్యడానికి ఆ కూడలి చుట్టూ చాలాసేపే తిరిగాం.

టెస్టు రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టి, బయట బెంచీ మీద కూర్చున్నాను. నోరు మూసుకుని అంతసేపు నేనెప్పుడూ కూర్చోలేదు. చివరికి కాగితం పట్టుకుని వచ్చింది.

“అన్నాను, అక్కాసాన్. పైకే అన్నాను. టెస్టు పెట్టే ఆఫీసర్ ‘వాట్?’ అన్నాడు. ‘మై టర్న్’ అని చెప్పాను.”

పాసైంది. ఇంటిదాకా తనే నడిపింది. మా బిల్డింగ్ ముందు ఆపి, “దిగు,” అంది.

“ఎందుకు?”

“పాపని తెచ్చుకుంటాను. ఒక్కదాన్నే.”

“బడి వదలడానికి ఇంకా టైముంది.”

“ముందే వెళ్లి నిలబడతాను.”

“మంచు పడేట్టుంది. పైగా కారు నాది.”

“అవును, అక్కాసాన్ కారు,” అంది మర్యాదగా. ఇంజిన్ మాత్రం ఆపలేదు.

దిగాను. తనూ దిగి డిక్కీ తెరిచింది. పొద్దున నాకు చెప్పకుండా ఎప్పుడు పెట్టిందో, పాప కార్‌సీటు అందులోనే ఉంది. దాన్ని వెనక సీట్లో బిగించి, బెల్టు గట్టిగా లాగి చూసుకుని, మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుంది.