డోనా కుడి భుజం

1983లో నేను మసాచుసెట్స్‌లోని ఒక పాత మిల్లుల పట్టణంలో, ఆసుపత్రి ఫిజికల్ థెరపీ విభాగంలో పనిచేసేదాన్ని. ఆ ఏడాది ఇద్దరు ఉద్యోగం మానేశారు. వాళ్ళ పని కూడా మామీదే పడింది. రోగుల నొప్పులు తగ్గించే నా చేతులే సాయంత్రానికి లాగేవి. ఆదివారం మాత్రం ప్రభువుది. అద్దెకు తీసుకున్న చర్చి బేస్‌మెంట్‌లో కొన్ని తెలుగు కుటుంబాలం ఆరాధనకు కూడేవాళ్ళం. వారమంతా నన్ను నిలబెట్టింది ఆ కాస్త సమయమే.

అక్టోబరులో డాక్టరు డోనాను నా దగ్గరికి పంపారు. ముప్పై దాటిన మనిషి, సైక్లోక్రాస్ రేసర్. అది చలికాలపు సైకిల్ పందెం. బురద పొలాల్లో తొక్కాలి. అడ్డంగా చెక్కలు గానీ, నిటారు గట్టు గానీ వస్తే దిగి, సైకిల్‌ను కుడి భుజాన వేసుకుని పరుగెత్తాలి. సీజన్ మొదట్లో ఆమె వరసగా గెలిచింది. తర్వాత ఆ భుజం పట్టేసింది. ఒక వారం రెండో స్థానం, మరో వారం సగంలోనే విరమణ. జాతీయ పోటీకి వెళ్ళే క్లబ్ జట్టులో చోటు కోసం ఆమె ఏళ్ళుగా ప్రయత్నిస్తోంది. డిసెంబరులోగా పుంజుకోకపోతే ఆ చోటు వేరేవాళ్ళకు పోతుంది.

రేసు గాయమని డాక్టరు అన్నారు, మేమూ అలాగే చూశాం. అల్ట్రాసౌండ్ పెట్టాను, అంటే ధ్వని తరంగాలతో లోపలి కండకు వేడి అందించడం. వ్యాయామాలు నేర్పాను. చికిత్స అయ్యాక భుజం కాస్త తేలికపడేది, తర్వాతిసారి వచ్చేసరికి మళ్ళీ మొదటికే వచ్చేది. రెండు వారాలు రేసులు మానమన్నాను. దేవుడంతటివాడే ఏడో దినాన విశ్రమించాడని గుర్తుచేశాను.

డోనా బల్లమీద కళ్ళు మూసుకునే ఉంది. "ఆయన పని ముగించాక విశ్రమించాడు. నాది ముగియలేదు" అంది.

 తన భుజాన్ని ఇక్కడ కాదు, ఒక్కసారి రేసులో చూడమని అడిగింది. రేసులన్నీ ఆదివారాలే. ఇంట్లో అత్తయ్యకు చెప్పాను. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును పైకి తీయవచ్చని వాక్యంలో ఉంది కదా అన్నాను.

ఆవిడ బీన్స్ ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "గుంటలో పడ్డ ఎద్దుని తియ్యొచ్చమ్మా. ప్రతి ఆదివారం తనే పోయి గుంటలో దిగే ఎద్దుని ఎవరు తీస్తారు?" ఇంకో కాయ తీసుకుని తనే అంది, "పోయిరా. పాటలకి రాకపోయినా ప్రసంగానికన్నా అందుకో."

ఆ రోజు సన్నగా వాన. గట్టు పక్కన గొడుగేసుకుని నిలబడ్డాను. డోనా సైకిల్ ఎత్తే పద్ధతిలో నాకు ఒక్క తప్పూ కనబడలేదు. అయినా చుట్టు చుట్టుకీ ఆ భుజం కిందికి జారుతోంది. ఎనిమిదో స్థానంలో వచ్చింది. కనుబొమల దాకా బురద. తడిసిన బట్టల సంచీని చూడకుండానే కుడి భుజానికి తగిలించుకుని, పట్టీ కింద బొటనవేలు దూర్చి, ఎడమకు ఒరిగి నడిచింది. పందెం నేర్పే నడక కాదది.

"సంచీ ఎప్పుడూ ఆ భుజానికేనా?" అని అడిగాను.

ఆమె ఆగింది. "ఉత్తరాల సంచీ రోజూ దీనికే. నేను పోస్టల్ డెలివరీలో పనిచేస్తాను." తర్వాత మెల్లగా, "అది నేను చెప్పలేదు. అది ఉద్యోగమే కదా అనుకున్నాను" అంది.

డాక్టరుతో చీటీ రాయించాక పోస్టాఫీసు వాళ్ళు సంచీ బదులు తోపుడు బండి ఇచ్చారు. భుజం తేరుకుంది, కానీ నెమ్మదిగా. ఒక రేసులో మూడోదిగా వచ్చింది, ఇంకోదాంట్లో చైన్ తెగి సైకిల్ తోసుకుంటూ వచ్చింది. చివరి రేసులో ఆరో స్థానం. జట్టులో చోటు వేరే అమ్మాయికి వెళ్ళింది.

మర్నాడు వచ్చి బల్లమీద కూర్చుని చెయ్యి పైకెత్తి చూపించింది. పూర్తిగా లేచింది. "నొప్పి లేకుండా ఓడిపోవడం ఈ ఏడాది ఇదే మొదటిసారి" అంది. 

ఆదివారం గురించి నేనూ ఆమే వాదించుకున్నాం. ఆమెను అరగదీసింది మిగతా ఆరు దినాలు. విశ్రాంతి దినపు ఆజ్ఞలో 'ఆరు దినాలు కష్టపడి పనిచేయాలి' అన్న మాట కూడా ఉంది. సంఘంలో ఆ మాట మేము గబగబా చదివి దాటేస్తాం. ఆ తర్వాత ఏ రోగి వచ్చినా, నొప్పి ఎక్కడని అడిగే ముందు, వారమంతా ఏం మోస్తారని అడిగేదాన్ని. ఎక్కువమంది ఆలోచించి, పెద్దగా ఏమీ లేదనేవారు. అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ అడిగేదాన్ని.