చిన్న ముడి

పోయిన మంగళవారం భవానీపురంలో మా అపార్ట్‌మెంటుకి వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి సర్వేకొచ్చింది. మెడలో కార్డు, చేతిలో ఫోను, ఎండకి కందిపోయిన మొహం. ఇంట్లో ఎంతమంది, పెళ్ళయి పిల్లలు లేనివాళ్ళున్నారా, ఒక్కరితో ఆపేసినవాళ్ళున్నారా అని అడుగుతూ ఫోనులో నొక్కుకుంటుంటే, ఎందుకమ్మా ఈ వివరాలన్నీ అన్నాను. "ఇప్పుడు పిల్లలు తగ్గిపోతున్నారంటండీ, ఇంకొకర్ని కనమని మమ్మల్ని చెప్పమంటున్నారు" అని సిగ్గుపడుతూ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ అదేం మంచి నవ్వు కాదు. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను. ముప్ఫై మూడేళ్ళపాటు అప్పటి కృష్ణా జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి ఇక కనకండమ్మా అని చెప్పి, ఆ మాటకి జీతం తీసుకుని, ఇప్పుడు పింఛను తింటున్న నర్సుని నేనని ఆ పిల్లకి ఏం తెలుసు పాపం.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఖాళీ గోడ కనిపిస్తే చాలు ఎర్ర త్రికోణం, దాని కింద ఇద్దరు చాలన్న రాత. పేపర్లో కు.ని. ఆపరేషన్లు అని వేసేవారు. ఆ రెండక్షరాలకీ కుటుంబ నియంత్రణ అని విడమరిచి చెప్పక్కర్లేకుండా పసిపిల్లలక్కూడా తెలిసేది. మా ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఆ పొడి అక్షరాలు కూడా పలికేవాళ్ళం కాదు, కేసు అనేవాళ్ళం. ఈ నెల నీకెన్ని కేసులు, నా కేసుని నువ్వెట్లా లాక్కుపోతావు, ఆ వీధిలో ఒక కేసు పక్వానికొచ్చింది అని మామిడికాయల బేరంలాగా మాట్లాడుకునేవాళ్ళం. పంతుళ్ళకీ ఇన్ని కేసులని కోటా ఉండేది, ఒక్క కేసు కోసం బళ్ళో పంతులుగారూ నేనూ ఒకరి గుమ్మం ముందు నిలబడి అరగంట పోట్లాడుకున్న రోజుంది. లోపల ఆ మనిషి అన్నం తింటూ మా పోట్లాట వింటోంది. జీపు చప్పుడు వింటే మగవాళ్ళు చెరుకు తోటల్లో దూరేవాళ్ళు. ఆడవాళ్ళు ఎక్కడికి పోతారు, పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంటుంది, పిల్ల చంకలో ఉంటుంది, ఇంట్లోనే దొరికేవాళ్ళు.

అలాగని ఆ పని మొత్తం పాపమని నేననను. ఏడో కాన్పుకి ఒంట్లో రక్తం లేక పాలిపోయి, నా చేతుల్లోనే కళ్ళు తేలేసిన తల్లుల్ని చూశాను. రెండో బిడ్డ తర్వాత ఆపరేషన్ చేయించుకుని, మీ పుణ్యాన బతికానమ్మా అని ఏటా కొత్త బెల్లం తెచ్చిచ్చినవాళ్ళూ ఉన్నారు. తక్కువ మందిని కనమని గవర్నమెంటు చెప్పడంలో తప్పు లేదనే ఇప్పటికీ నా నమ్మకం. తప్పు ఎక్కడ జరిగేదో నాకు బాగా తెలుసు, మార్చి నెలలో జరిగేది.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. ఉయ్యూరు దాటాక కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్ళో రైతుల ఇంటి వీధిగది అద్దెకి తీసుకున్నాను. మేం క్రైస్తవులం కాబట్టి ఆ ఇంటి అత్తగారు నన్ను అరుగు దాకానే రానిచ్చేది. ఆవిడ కోడలు మాత్రం, నా ఈడుదే, రోజూ కూర గిన్నె కొంగుచాటున పట్టుకొచ్చి నా కిటికీలో పెట్టి పోయేది. నర్సమ్మగారూ అని పిలిచేది. నాకు విషజ్వరం తగిలిన వారమంతా జావ కాచి పోసి, కాళ్ళు పట్టి, ఆ తర్వాత నూతి దగ్గర స్నానం చేసి గానీ లోపలికి వెళ్ళేది కాదు. ఆ స్నానం సంగతి అప్పుడు మనసుకి గుచ్చుకునేది, ఇప్పుడు ఆ జావే గుర్తొస్తోంది.

ఆమెకి రెండేళ్ళ పాప. ఇంట్లో ఆరేళ్ళ బాబు కూడా ఉండేవాడు గానీ వాడు వాళ్ళక్క కొడుకు. పెళ్ళయి మూడేళ్ళయినా చెల్లెలికి కడుపు పండలేదని, తన ఇద్దరు మగపిల్లల్లో చిన్నవాణ్ణి అడుగులు వేసే వయసులో ఆ అక్క తెచ్చి ఈమె ఒళ్ళో వేసింది. రాతకోతలేమీ లేవు. మనలో అక్క కొడుకు అంటే కొడుకే కదా, దత్తతలూ మంత్రాలూ ఎవరడుగుతారు. వాడూ పిన్ని అనకుండా అమ్మా అనేవాడు. ఆ తర్వాత సొంత పాప పుట్టినా మా పెద్దాడు, మా చిన్నది అనే చెప్పేది ఆమె. ఈ సంగతంతా నాకు పూర్తిగా తెలుసు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు మార్చి ఇరవై దాటేసరికి నాకు ఒక్క కేసు తక్కువైంది. నెలాఖరుకి ఏడాది కోటా నిండకపోతే దివిసీమ చివర సముద్రం ఒడ్డుకి బదిలీ చేస్తామని మీటింగులో అందరి ముందూ నిలబెట్టి చెప్పారు. ఊరంతా జల్లెడ పట్టాను, ఎవరూ మిగల్లేదు. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన ఊరంతా కమ్మేసిన ఒక సాయంత్రం నా గదిలో కూర్చుని రిజిస్టరు తిరగేస్తుంటే, కిటికీలో వంకాయ కూర గిన్నె పెడుతున్న చెయ్యి కనిపించింది. అత్తగారు కూతురి పురిటికి గుడివాడ వెళ్ళింది కాబట్టి ఆ వారం గిన్నె కొంగుచాటు లేకుండానే వస్తోంది.

కూర్చోమన్నాను. మొదటి కాన్పే అంత కష్టమైంది కదా, మళ్ళీ ఆ యాతన ఎందుకన్నాను. మీకేం తక్కువ, ఒక బాబూ ఒక పాపా, ఇద్దరున్నారు అన్నాను. ఇద్దరు అన్న మాటకి ఆమె మొహం ఎంత విప్పారిందో చెప్పలేను. ఊళ్ళో ఎవరూ ఆమెకి ఆ లెక్క ఒప్పుకునేవాళ్ళు కాదు, అత్తగారైతే అసలే ఒప్పుకునేది కాదు. అలాంటిది గవర్నమెంటు మనిషి, రిజిస్టరు పట్టుకుని తిరిగే మనిషి, తనంతట తాను ఇద్దరంది. ఆపరేషనంటే భయమండీ అంటే, చిన్న ముడి వేస్తారంతే అన్నాను. మేం అందరికీ ముడి అనే చెప్పేవాళ్ళం, కోత అంటే పారిపోతారని. భర్త సంతకం పెడుతూ, "నర్సమ్మగారు మన మనిషే, చెడు చెప్తారా" అన్నాడు.

క్యాంపు బళ్ళో పెట్టారు. బెంచీలు జతచేసి మంచాలు కట్టారు. ఫారాలు రాసే గుమాస్తా తలెత్తకుండా పిల్లలెంతమంది అని అడిగాడు. "ఇద్దరండీ" అంది ఆమె గట్టిగా, నా వైపు చూసి నవ్వుతూ. బతికున్న పిల్లలు అన్న గడిలో రెండు అని పడింది. నేను ఆమె గాజులు తీయించి, ఆ గాజులు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఈమె కన్నది ఒక్క పాపనే అని నేనొక్క మాట అంటే ఆగిపోయేది. ఆ క్షణంలో తోచలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. తోచింది, నోటిదాకా వచ్చింది, మింగేశాను. నెలాఖరు మీటింగులో కోటా నిండినందుకు చప్పట్లు కొట్టి నాకో స్టీలు క్యారేజీ ఇచ్చారు. రిటైరయ్యేదాకా దాంట్లోనే అన్నం తిన్నాను.

ఏడాదిన్నర తిరక్కుండా వాళ్ళక్క పెద్దకొడుకు ఈతకని కాలవలో దిగి మునిగి చనిపోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే ఆ అక్క వచ్చి రెండోవాణ్ణి తీసుకుపోయింది. కన్నతల్లి, పైగా కొడుకుని పోగొట్టుకున్న మనిషి, ఎవరు కాదంటారు? వాడు బస్సు కిటికీలోంచి చేతులు చాపి అమ్మా అమ్మా అని ఈమె కోసమే గుక్కపట్టి ఏడ్చాడు. వాణ్ణి ఎత్తి బస్సులో కూర్చోబెట్టింది కూడా ఈమే.

మర్నాడు పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో నిలబడింది. తిట్టడానికొచ్చిందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "నర్సమ్మగారూ, అప్పుడు చిన్న ముడే అన్నారు కదండీ, విప్పుతారా?" అంది. అది ముడి ఒక్కటే కాదమ్మా, కోశారు అని చెప్పలేక, పెద్దాసుపత్రిలో కనుక్కుంటాలే అన్నాను. మళ్ళీ అతికించే ఆపరేషన్ ఒకటుందనీ, అది కుదిరేది ఏ కొందరికోననీ నేనూ విన్నాను. కనుక్కోవాలంటే ఆమె కాగితాలు బయటికి తీయాలి. తీస్తే ఆ గడిలో రెండు ఎలా పడిందో కూడా బయటికొస్తుంది. అందుకని కనుక్కోలేదు. ఆమె వారం వారం అడిగింది, నేను వారం వారం వచ్చే వారం అన్నాను. ఆఖరికి నేనే బదిలీకి అర్జీ పెట్టుకున్నాను, దివిసీమ చివరకైనా సరేనని. సామాను సర్దుకున్న రోజు కూడా కిటికీలో గిన్నె ఉంది.

తర్వాతి సంగతి నా స్థానంలో వచ్చిన నర్సు చెప్పింది. అత్తగారు కొడుక్కి మారు పెళ్ళి చేసిందట, పెళ్ళి వంటలన్నీ ఈమె చేతే చేయించి. రెండో ఆమెకి వరసగా ఇద్దరు మగపిల్లలు పుట్టాక ఆ నర్సే తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించిందట. ఒకే ఇంట్లో రెండు కేసులు, మీరు మొదలుపెట్టిన ఇల్లు నాకూ కలిసొచ్చిందండీ అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నాకూ పెళ్ళయి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆదివారం చర్చిలో మోకాళ్ళూని అన్ని పాపాలూ ఒప్పుకునేదాన్ని, ఇదొక్కటీ తప్ప. దీన్ని డ్యూటీ కింద వేసుకున్నాను.

పదేళ్ళ కిందట క్రిస్మస్ ముందు గాజులు కొందామని వన్ టౌన్‌లో ఒక కొట్లో అడుగుపెడితే, పీట మీద కూర్చుని ఆడవాళ్ళకి గాజులు ఎక్కిస్తున్న మనిషి "నర్సమ్మగారూ" అంది. ఆమే. కొట్టు కూతురిదట, కూతురి దగ్గరే ఉంటోందట. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని వేళ్ళు నొక్కుతూ గాజు ఎక్కించడం మొదలుపెట్టింది. పాడు అలవాటు, పిల్లలెంతమందమ్మా అనేసింది నా నోరు. ఆమె తలెత్తకుండా "ఇద్దరండీ" అంది. నన్ను దెప్పిందో, నిజంగానే అలా అనుకుంటోందో నాకీరోజుకీ తెలీదు. అడిగే మొహం నాకు లేదు. ఒక్క గాజూ చిట్లకుండా, నా చెయ్యి ఎక్కడా నొప్పి పుట్టకుండా, డజను గాజులూ ఎక్కించి పంపింది.

ఇవన్నీ ఆ సచివాలయం పిల్లకి చెప్పలేదు. నర్సుగా చేశానని మాత్రం అన్నాను. దానికే సంబరపడిపోయి, పై ఫ్లాటులో కొత్త కోడలికి మీరొక మాట చెప్తే వింటుంది కదండీ అంది. వింటుందమ్మా, అందుకే చెప్పను అన్నాను. అర్థం కాలేదు దానికి. అప్పట్లో జనం ఎక్కువయ్యారన్నారు, ఇప్పుడు తక్కువయ్యారంటున్నారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు, లెక్కలు వేసేవాళ్ళకి తెలియాలి. మారిందల్లా ఏమిటంటే, మేం వాళ్ళ అరుగుల మీద కూర్చుని, కష్టసుఖాలు మాట్లాడి, వాళ్ళ కూర తిని మరీ గొంతు కోసేవాళ్ళం. ఈ పిల్లలు పిలిస్తే తప్ప గుమ్మం బయటే నిలబడి ఫోనులో నొక్కుకుని పోతున్నారు, ఎవరి కూరా తినరు. ఒకప్పుడు ఇది చూసి మనుషుల మధ్య ప్రేమలు పోయాయని బాధపడేదాన్ని, ఇప్పుడు ఇదే నయమనిపిస్తోంది.

వెళ్ళబోతూ ఆ పిల్ల, ఒక గడి మిగిలిపోయిందండీ, మీకు పిల్లలెంతమంది అంది. ఇద్దరు అన్నాను. నొక్కింది. ఇంకేమైనా అడుగుతుందేమోనని నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయింది.