గాలిలో పిల్లిని నిమిరే మామయ్య

మామయ్యకు లోకంలో ఒక్కటే సలహా తెలుసు: నిదానం. అరచెయ్యి నేలవైపు తిప్పి, గాలిలో కనపడని పిల్లిని నిమురుతూ ఆ మాట అనేవారు. మంగలితో అని, సగం క్రాపుతో గంటసేపు కూర్చున్నారు. బస్సు డ్రైవరుతో అని, అతను వినలేదని మధ్యలో దిగి నడిచిపోయారు.

పియానోలు శ్రుతి చెయ్యడం ఆయన వృత్తి. ర్యాగ్‌టైమ్ ఆయన ప్రాణం. ఎడమచెయ్యి గుమాస్తాలా బుద్ధిగా అడుగులు వేస్తుంటే, కుడిచెయ్యి బడి వదిలిన పిల్లలా గంతులేసే సంగీతం అది. మేనకోడలు ఏటా లైబ్రరీ హాల్లో దానికోసం ఉచిత కచేరీ పెట్టేది. మామయ్య ముందు వరసలో కూర్చుని, ఎవరు జోరందుకున్నా లేచి పిల్లిని నిమిరేవారు. అయిదు నిమిషాల పాట పదకొండు నిమిషాలు సాగేది. కొందరు శ్రోతలు దిండ్లు తెచ్చుకునేవారు.

ఆ ఏడు అత్తయ్య వాయించడానికి ఒప్పుకుంది. కీళ్ళనొప్పులతో వేళ్ళు బిగుసుకున్నాక పదేళ్ళుగా ఆమె జనం ముందుకు రాలేదు. ఎవరైనా నవ్వితే మధ్యలోనే లేచి వచ్చేస్తానని ముందే చెప్పింది.

ఇంతలో, ఆమెకు ముందు వాయించాల్సిన పళ్ళ డాక్టరు అడ్డం తిరిగాడు. రిహార్సల్లో మామయ్య అతన్ని ఏడుసార్లు ఆపారట.

"పోయినేడు నేను ఆయన పన్ను పీకుతుంటే కూడా నిదానం అన్నారమ్మా. అన్నందుకు అనుభవించారు. ఆయన్ని వెనక వరసలో కూర్చోబెట్టు, లేదా నన్ను వదిలెయ్."

ఆ మాట ఎలా చెప్పాలా అని నసుగుతూ, అత్తయ్య లేని వేళ చూసుకుని మేనకోడలు మామయ్య షెడ్డుకు వెళ్ళింది. లోపలినుంచి ర్యాగ్‌టైమ్, రేకులు ఎగిరిపోయేంత జోరుగా. తలుపు తోస్తే, కళ్ళు మూసుకుని వాయిస్తున్నది సాక్షాత్తూ మామయ్య. అలికిడికి టక్కున పియానో మూత వేసి, దానిమీద మోచెయ్యి ఆనించి, దొరికిన దొంగలా చూశారు.

"మీ అత్తయ్యకు చెప్పకమ్మా. ఆమె వేళ్ళకు ఇక పరుగు రాదు. అందరూ పరుగెత్తితే ఆమె వెనకబడిపోతుంది. అదే అందరూ కాస్త..." మాట పూర్తి చెయ్యలేక పిల్లిని నిమిరారు.

మేనకోడలు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది.

కచేరీనాడు డాక్టరు పసిపాపను నిద్రపుచ్చుతున్నట్టు వాయించాడు. తర్వాత అత్తయ్య కూర్చుంది. ఆమె వేగం ఎవరికీ తక్కువనిపించలేదు. ఎవరూ నవ్వలేదు. పాట అయ్యాక దిండ్లవాళ్ళతో సహా హాలంతా లేచి నిలబడింది.

మామయ్య పరికరాల సంచీతో ముందే ఇంటికి నడిచారు. మేనకోడలితో వెనకాలే వచ్చిన అత్తయ్య వీధి మలుపులో ఆగి, గోడకు ఆనుకుంది. షెడ్డులోంచి ర్యాగ్‌టైమ్ తుఫానులా వినిపిస్తోంది.

మేనకోడలు గబగబా ఆమెకు అడ్డం వచ్చింది. "అత్తయ్యా, అదీ..."

"పదేళ్ళుగా వింటున్నానే. గేటు దగ్గర దగ్గితే పాపం మూత వేసేస్తారు. పాట పూర్తి కానీ."

"మరి ఎప్పుడెళ్దాం?"

అత్తయ్య బిగుసుకున్న అరచేతిని నేలవైపు తిప్పి, గాలిలో పిల్లిని నిమిరింది.