ఎవరూ పోని గల్లీలో మా సార్

మా సార్ పోయారన్న కబురు ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి చెప్పారు. "మీ సార్ ఇగ లేరు బిడ్డా. తెల్లారగట్ల ఫజర్ నమాజ్‌కు లేపుదామని పోయిన. చెయ్యి పట్టుకుంటే మస్తు సల్లగున్నది," అన్నారు. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. అప్పుడే నిద్ర లేచిన మనిషిలా మాట్లాడారు.

నగరంలో మనుషులు ఎటు నుంచి ఎటు నడుస్తారో సార్ మాకు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేవారు. రిటైరయ్యాక కిషన్‌బాగ్‌లో తన ఇంటి ముందు గదిలోనే ఆ పని సాగించారు. ప్రోగ్రాములు రాయడానికి నేను వెళ్ళేదాన్ని. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో తిరిగేవాళ్ళు కొందరు ఒప్పుకుని తమ ఫోన్ల లొకేషన్ మాకు ఇచ్చేవారు. పేర్లు ఉండవు. తెర మీద ఒక్కొక్కరూ ఒక్కో పచ్చ చుక్క. నేను చుక్క అంటే సార్‌కు నచ్చేది కాదు.

"మనిషి అను. ఆ మనిషికి మోకాళ్ళ నొప్పులు ఉండొచ్చు," అనేవారు.

రంజాన్ రద్దీలో ఏదైనా జరిగితే జనం ఎటు నుంచి బయటపడాలో తేల్చమని మాకు ఒక పని వచ్చింది. అదే బజారును కంప్యూటర్‌లో కట్టి, అందులో మేం తయారుచేసిన మనుషుల్ని వదిలాం. వాళ్ళంతా వెనకాల ఉన్న ఒక గల్లీలోంచి చకచకా వెళ్ళిపోయారు. అసలు మనుషుల చుక్కలు మాత్రం ఆ గల్లీలో ఒక్కటీ లేవు. పక్కనుంచి చుట్టు తిరిగి పోతున్నాయి.

ఒక మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళి చూశాం. ముగ్గురు పక్కపక్కన నడిచేంత వెడల్పు. చెత్త లేదు, కుక్కలు లేవు, అడ్డం ఏదీ లేదు. లోపల అడుగు పెట్టగానే బజారు చప్పుడు ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. గల్లీ మొదట్లో గాజులమ్మే అతణ్ణి సార్ అడిగారు.

"గిటుకెళ్ళి ఎవరు పోతలేరేంది భాయ్?"

"ఏమో సార్. మా అబ్బాజాన్ గూడ పోకుండె."

"పోతే ఏమైతది?"

"ఏం గాదు. పోరు, గంతే."

పని అప్పగించినవాళ్ళు గల్లీ ఖాళీగానే ఉంది కదా, అదే దారి అని రాసిమ్మన్నారు. సార్ ఒప్పుకోలేదు. "మన కంప్యూటర్‌ల మనుషులకు కాళ్ళున్నయి గని అలవాట్లు లేవు. లొల్లి అయితే ఎవరైనా ఎరుకున్న తొవ్వనే పడ్తరు," అన్నారు. ఆ తొవ్వను జనానికి తనే ఎరుక చేయాలని పూనుకున్నారు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరిని మాటల్లో పెట్టి, ఆ గల్లీలోంచి నడిపించుకుని పోయేవారు. మొదట గాజులతను, తర్వాత అతని ఇంటివాళ్ళు, ఆ తర్వాత కొనడానికి వచ్చినవాళ్ళు. కొన్ని నెలలకు మా తెర మీద ఆ గల్లీ పచ్చబడింది.

పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం బజారులో కరెంటు తీగ నిప్పులు కక్కింది. జనం పరుగెత్తారు. సగం మంది ఆ గల్లీలోంచే బయటపడ్డారు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఆ వారంలోనే ఆ పరుగును తెర మీద వేసి చూశాం. నేను సంతోషంగా ఉన్నాను. సార్ మాత్రం కళ్ళద్దాలు పైకెత్తి, "మళ్ళ పెట్టు," అన్నారు.

గల్లీ నడుమ, ఏమీ లేనిచోట, పరుగెత్తే మనుషులు ఆగుతున్నారు. ఒక్క ఊపిరి సేపు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ అక్కడే.

"నాకు ఆయాసమొస్తే గోడకు చెయ్యి పెట్టి ఆగే జాగ అది," అన్నారు సార్ మెల్లగా. "నాతోని నడిచినోళ్ళు ఆగిన్రంటే సరే. వీళ్ళు నన్ను చూడనే లేదు గద."

గోడల మధ్య సిగ్నల్ తప్పి ఉంటుందన్నాను.

"సిగ్నలైతే అన్ని గల్లీలల్ల తప్పాలె. రేపు నిజంగ మంటలొస్తే, గీ ఆగుడుకే మనుషులు నలిగిపోతరు బిడ్డా."

అప్పటికే ఆయాసం ఎక్కువై, డాక్టర్ ఆయన్ని ఇల్లు కదలొద్దన్నారు. ఆంటీ బతిమాలారు, చెప్పులు దాచారు. "నేను పెట్టిన అలవాటు, నేనే తియ్యాలె," అని సార్ రోజూ ఆటోలో వెళ్ళి, సరిగ్గా ఆ చోట గోడకు వీపు ఆనించి నిలబడేవారు. "ఆగకుండ్రి, నడువుండ్రి. రుకో మత్ బేటా, చలో." జనం నవ్వి, ఆయన్ని తప్పుకుని పోయేవారు. మాట పెగలని రోజు చెయ్యి ఊపేవారు. వారం వారం తెర మీద ఆ ఆగుడు పల్చబడింది. చివరిసారి నేను చూపించినప్పుడు ఒక్కరూ ఆగలేదు. సార్ చాలాసేపు చూసి, ఆంటీని పిలిచి చక్కెర వేసిన చాయ్ అడిగారు. ఎన్నాళ్ళుగానో మానేసిన చక్కెర. ఆంటీ వేసి ఇచ్చారు.

సార్‌ను దఫన్ చేసి మట్టి కప్పిన తర్వాత ఒక సాయంత్రం నేను ఆ గల్లీకి వెళ్ళాను. జనం బాగానే ఉన్నారు. ఎవరూ ఆగడం లేదు. కానీ గల్లీ నడుమకు వచ్చేసరికి అందరూ కొద్దిగా పక్కకు ఒరుగుతున్నారు. ఒకావిడ బిడ్డ చెయ్యి పట్టి తనవైపు లాక్కుంది. గాజుల పెట్టెలు మోసే మనిషి భుజం వంచి దాటాడు. గోడ పక్కన, సార్ నిలబడే చోట, ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. అంత రద్దీలోనూ దాన్ని ఎవరూ తొక్కలేదు. నా వంతు వచ్చినప్పుడు, నేను అనుకోకుండానే, నా కాళ్ళూ పక్కకు తిరిగాయి.