గొంతు రాని కంప్యూటర్

నాకు చూపు లేదు. కాలేజీలో చదివే రోజుల్లో మెదడువాపు జ్వరం వచ్చి కళ్ళు పోయాయి. ఇప్పుడు నా కళ్ళు మా ముందుగదిలో ఉన్న కంప్యూటరే. తెర మీద ఏ అక్షరం వచ్చినా పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఉంది అందులో. ఆ గొంతు లేకపోతే నేను పుస్తకం చదవలేను, ఉత్తరం రాయలేను, కరెంటాఫీసు వాళ్ళతో పోట్లాడనూ లేను. పోట్లాడకుండా ఉండడం నావల్ల కాదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

ఆ వారమంతా ఆ గొంతు నన్ను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది, మార్చుకోండి అని ఒకటే పోరు. ఫర్మ్‌వేర్ అంటే కంప్యూటర్ బోర్డులోనే కాపురముండే చిన్న ప్రోగ్రాం. స్విచ్ వేస్తే అన్నిటికన్నా ముందు లేచేది అదే. మర్నాడు పొద్దున నాకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఉంది. చూపులేనివాళ్ళ కోసం తయారుచేసే పుస్తకాల్లో తప్పులు దిద్దే ఉద్యోగం. ఈ కంప్యూటర్ ముందే కూర్చుని, ఈ గొంతు వింటూ, వాళ్ళిచ్చిన పేజీ అక్కడికక్కడే దిద్ది చూపించాలి. సరిగ్గా ఆ మధ్యలో ఇది తగులుకుంటే నా పరువేం కాను? మధ్యాహ్నం సరే అని నొక్కి పారేశాను.

మార్చడం అయిపోయింది. కంప్యూటర్ తనంతట తనే ఆగి, మళ్ళీ లేచి, బీప్‌మని ఆగిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. గొంతు మాత్రం రాలేదు.

"అమ్మా, తెర మీద ఏముందో చూడవే!"

మా అమ్మకి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. "తెల్ల అక్షరాలేవో వచ్చాయే. చూసేలోగా పోయాయి."

"ఎలా ఉన్నాయి?"

"ఎలా ఉంటాయే? ఇంగ్లీషులా ఉన్నాయి."

నాకు కోపం నషాళానికి అంటింది. అయినా ఆవిడ మీద అరిచి ఏం లాభం? రాజమండ్రిలో కంప్యూటర్ కొన్న షాపుకి ఫోన్ చేశాను. "బోర్డు పోయుంటుందండి. ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు ఒక్కోసారి అలా అవుతుందండి. ఎల్లుండి మనిషిని పంపిస్తానండి," అన్నాడాయన నింపాదిగా.

"ఎల్లుండి దేనికండి, నా తద్దినానికా?"

"పోనీ ఆ అక్షరాలు ఫొటో తీసి పంపండి మేడమ్‌గారూ, చూద్దాం," అన్నాడు.

నా ఫోన్ కూడా ఫొటోలో అక్షరాలుంటే చదివి పెడుతుంది. అమ్మ చేతికిచ్చి, బీప్ వినపడగానే నొక్కమన్నాను. మొదటి ఫొటో చూసి ఫోన్ తిథి, వర్జ్యం చదివింది. గోడ మీద క్యాలెండర్ తీసిందన్నమాట! తర్వాతది చూసి అక్షరాలేమీ లేవంది. అది అమ్మ బొటనవేలు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ అమ్మ తీస్తూనే ఉంది. చివరికి ఒకటి కుదిరింది. ఫోన్ ఇంగ్లీషులో చదివిన దాని అర్థం ఇది: లోపలి ఫ్యాన్ తిరగడం లేదు, కాలిపోకుండా ఆపేస్తున్నాను.

ప్లగ్గు పీకేసి అమ్మ చేత పక్క రేకు మరలు తీయించాను. లోపలికి చెయ్యి పెట్టి ఫ్యాన్ రెక్కని వేలితో తోస్తే కదల్లేదు. రెక్కకీ అంచుకీ మధ్య సన్నగా, గట్టిగా ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో లాగాను. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. అరచేతిలో వేసుకుని వాసన చూశాను. పసుపు, కాస్త నెయ్యి.

"అమ్మా, ఇవి అక్షింతలు."

దసరాకి మా వైపు బండికీ, నీళ్ళ మోటారుకీ, మిక్సీకీ కూడా బొట్టు పెట్టి పూజ చేస్తారు. అమ్మ నా నెత్తిన నాలుగు గింజలు వేసి, కంప్యూటర్ మీద మాత్రం గుప్పెడు పోసేది. దాని పైమూత నిండా చిల్లులే. మొన్న దసరా తర్వాత నుంచి అది నత్తలా నడుస్తుంటే ముసలిదైపోయిందని తిట్టుకున్నాను.

షాపాయనకి చెబితే ఆయనే ఆశ్చర్యపోయాడు. "పాత ఫర్మ్‌వేర్‌లో ఫ్యాన్ చెకింగ్ లేదండి. కొత్తది లేవగానే ఫ్యాన్ చూసుకుందండి. లేకపోతే ఏదో ఒకరోజు మాడిపోయేదండి బాబూ!"

తెర లేదు, గొంతు లేదు, ఇంకా ఏదీ లేవలేదు. ఆ చీకట్లో అంత చిన్న ప్రోగ్రాం ముందుగా ఊపిరి ఆడుతోందా అని చూసుకుంటుందా! జ్వరంలో నేను తెలివి లేకుండా పడుంటే అమ్మ నా ముక్కు కింద వేలు పెట్టి చూసేదట. అదే గుర్తొచ్చింది. నేనింతసేపూ తిట్టింది నా కళ్ళని కాపాడినదాన్ని.

అమ్మ నా అరచేతిలోని గింజలు తడిమింది. "నీ కళ్ళు అదే కదాని దానికి గుప్పెడు వేసేదాన్నే. ఒకసారి పోయిన కళ్ళు నా చేత్తో మళ్ళీ పోగొట్టేదాన్ని కదే తల్లీ."

గింజలన్నీ ఏరి, రేకు బిగించి స్విచ్ వేశాం. ఫ్యాన్ రొద, బీప్, ఆ తర్వాత గొంతు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

పొద్దున ఇంటర్వ్యూకి కూర్చుంటే అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"రావేంటి? అక్షింతలు తే."

"మళ్ళీనా! దాని మీద చస్తే వెయ్యను."

"దాని మీద ఎవరు వెయ్యమన్నారు? ఇన్నేళ్ళూ దానికి గుప్పెడూ, నాకు నాలుగు గింజలూనా? దాని వాటా కూడా నాకే వెయ్యి."

అమ్మ గుప్పెడూ వేసింది. కొన్ని వీపు మీదుగా జాకెట్లోకి జారి, ఇంటర్వ్యూ అయ్యేదాకా గుచ్చుకుంటూనే ఉన్నాయి.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు రోజూ నేను స్విచ్ వెయ్యగానే అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వస్తుంది. కంప్యూటర్ వెనక గాలి వచ్చే చోట వేలు పెట్టి, "ఆఁ, ఆడుతోందే," అని చెప్పి వెళ్ళిపోతుంది.