చిక్కడపల్లి గల్లీలో మూగబోయిన కార్లు

నారాయణగూడ చౌరస్తాకు కొంచెం ఇవతల, పుస్తకాల దుకాణాల వరసలో కనకయ్య తాళంచెవుల దుకాణం ఉంది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఫుట్‌పాత్ మీద ఆగాల్సిందే. ఆ పొద్దున క్యాబ్ నడిపే ముత్యాలు మాత్రం ఆగలేదు. లోపలున్న వాళ్లను పక్కకు జరుపుకుంటూ వచ్చి, కారు రిమోట్‌ను బల్ల మీద టప్పుమని పెట్టాడు.

"కాకా, మొన్ననే గదా కొత్త బ్యాటరీ ఏసినవ్. మళ్ల సచ్చింది సూడు!"

కనకయ్య కళ్లజోడు సర్దుకుని నవనీత వైపు చూశాడు. దుకాణంలో మామూలు తాళాలు ఆయనవి, రిమోట్లు ఆమెవి. నవనీత సొరుగులోంచి అరచేతిలో పట్టేంత మిషన్ ఒకటి తీసింది. దాని ముందు రిమోట్ నొక్కితే, తరంగం బయటికి వస్తోందో లేదో, ఎంత గట్టిగా వస్తోందో తెర మీద అంకెలో చూపిస్తుంది. బటన్ నొక్కింది. అంకె చటుక్కున లేచింది.

"మంచిగనే పలుకుతుందన్నా."

"ఈడ పలుకుతది చెల్లె. మా గల్లీల పలుకది. గదే నా పరేషాన్! నా కారొక్కటే గాదు, మా గల్లీల ఉన్న కార్లన్నీ మూగవోయినయ్. మీ దుకాణంల దొంగ బ్యాటరీలు ఏస్తున్రని అందరు ఒకటే లొల్లి."

కనకయ్య ముఖం నల్లబడింది. వయసంతా తాళాలతోనే గడిపిన మనిషి, అలాంటి మాట ఎప్పుడూ పడలేదు. నవనీతకు కూడా మాట గుచ్చుకుంది. అయినా, ఆ బాధ వెనకే మరొకటి కదిలింది. ఒక్క రిమోట్ చెడితే అది రిపేరు. గల్లీకి గల్లీయే చెడితే? అందులో ఏదో ఉంది. అదేమిటో తెలుసుకోవాలని ఆమె వేళ్లు అప్పటికే దురద పెడుతున్నాయి.

నవనీతది మహబూబ్‌నగర్ వైపు పల్లె. తండ్రి బుగ్గయ్య రాంనగర్ బస్తీలో ఉంటూ మేస్త్రీ పని చేస్తాడు. తను కట్టే ఆఫీసుల్లో ఏదో ఒకదానిలో కూతురు కుర్చీలో కూర్చోవాలని ఆయన కోరిక. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ అయ్యాక నవనీత అశోక్‌నగర్‌లో హాస్టల్లో చేరి గ్రూప్స్ పరీక్షకు చదవడం మొదలుపెట్టింది. నోటిఫికేషన్ వచ్చింది, వాయిదా పడింది, రద్దయింది, మళ్లీ వచ్చింది. చదివిందే చదువుతూ ఉండగా ఒక మధ్యాహ్నం హాస్టల్ బీరువాకు మారు తాళంచెవి చేయించడానికి కనకయ్య దగ్గరికి వచ్చింది. ఆయన కొత్తగా తెప్పించిన రిమోట్ల మిషన్ ముందు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, సదువుకున్నట్టున్నవ్. ఇది ఏమంటుందో జర సూడరాదు?"

ఆమె చూసింది. చూస్తూ చూస్తూ వచ్చిన పని మరిచిపోయింది. మర్నాడు పిలవకుండానే వచ్చింది. అప్పటి నుంచి పొద్దున దుకాణం, మధ్యాహ్నం నుంచి లైబ్రరీ.

ఆ కొత్తలో కనకయ్యకు ఒక అనుమానం ఉండేది. "తాళంచెవికి పన్లుంటయ్, అవి లోపల పడితే తాళం తిరుగుతది. ఈ బుడ్డదానికి పన్ను లేదు, గిన్ను లేదు. దూరంనుంచి ఎట్ల తెరుస్తది?"

"నీ ఫోనుకు బ్యాంకు ఓటీపీ వస్తది గదా కాకా? ఒక్కసారి వాడినంక ఆ నంబరు పని చేస్తదా?"

"చెయ్యది."

"ఇదీ గంతే. నొక్కినప్పుడల్లా కొత్త నంబరు ఒకటి తయారుచేసి రేడియో తీరు గాలిలకు వదులుతది. కారు లోపల గూడ అదే లెక్క నడుస్తుంటది. నంబరు కుదిరితే తలుపు తీస్తది. ఎవడన్న దొంగ పక్కన నిలబడి ఆ నంబరు పట్టుకున్నా, అది అప్పటికే వాడేసిన ఓటీపీ."

"మరి జేబుల ఉత్తగనే నొక్కుకుంటే? కారుకు వినబడది గదా."

"రిమోట్ జర ముందుకు పోతది. కారు గూడ రాబోయే నంబర్లు కొన్ని ముందే చూసుకుని పెట్టుకుంటది. కొంచెం ముందుకు పోతే పట్టుకుంటది. మరీ దూరం పోతే, దోస్తుల తీరు మనమే ఇద్దరికి మళ్ల సోపతి కలపాలె."

కనకయ్య ఆ మాటకు పకపకా నవ్వాడు. రిమోట్ పని వచ్చినప్పుడల్లా "బిడ్డా, వీళ్లకు సోపతి తప్పిందట" అంటూ ఆమె ముందు పెట్టేవాడు.

ముత్యాలు రిమోట్ కూడా సోపతి తప్పిందేమోనని మొదట అనుకుంది నవనీత. కానీ గల్లీలో అందరివీ ఒకేసారి తప్పుతాయా? మిషన్ సంచిలో వేసుకుని, ముత్యాలు వెంట చిక్కడపల్లి బయల్దేరింది.

గల్లీలో అడుగు పెట్టేసరికి పెద్ద గోల. ఎవరో విసుగుపుట్టి కారు తలుపు గుంజినట్టున్నారు, అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. బాల్కనీల్లోంచి ఆడవాళ్లు తిడుతున్నారు. "తాళాల దుకాణం పిల్ల వచ్చింది" అనగానే అందరూ చుట్టుముట్టారు. సెల్ టవర్ వల్ల అని ఒకాయన, దొంగల ముఠా పని అని ఇంకొకాయన, నకిలీ బ్యాటరీలే అని ముక్కు మీద గుద్దినట్టు మరొకావిడ.

నవనీత ముందు వాళ్ల అవసరం తీర్చింది. రిమోట్ పక్కనున్న చిన్న మీట జరిపి, లోపల దాగి ఉన్న ఇనుప తాళంచెవిని బయటికి లాగి చూపించింది. కొన్నేళ్లుగా ఆ కారు నడుపుతున్న ముత్యాలు నోరు తెరిచాడు. "అరె! దీని కడుపుల ఇది ఉందా!"

తర్వాత ఆమె రిమోట్‌ను కారు అద్దానికి ఆనించి నొక్కింది. టిక్కుమని తెరుచుకుంది. నాలుగడుగులు వెనక్కి వచ్చి నొక్కింది. కారు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ దగ్గరికి వెళ్లింది, తెరుచుకుంది.

నవనీతకు అర్థమైంది. రిమోట్ మాట్లాడుతోంది. కారుకు చెవులు బాగానే ఉన్నాయి. మధ్యలో ఎవరో ఆపకుండా అరుస్తున్నారు! చెవిలో నోరు పెడితే తప్ప మాట వినపడనంత అరుపు. సంచిలోంచి మిషన్ తీసింది. ఎవరూ ఏ బటనూ నొక్కడం లేదు. అయినా తెర మీద అంకె పైకి లేచి, అక్కడే నిలబడిపోయింది.

"ముత్యాలన్నా, ఈడ ఇంకో రిమోట్ లాంటిది ఒకటుంది. చెయ్యి తియ్యకుంట నొక్కి పట్టినట్టే ఉంది. మీ అందరి గొంతులు దాని అరుపుల మునిగిపోతున్నయ్."

"ఎక్కడుంది?"

అదే ఆమె కనిపెట్టలేకపోయింది. అంకె అన్ని దిక్కులా ఎక్కువే చూపిస్తోంది. జనం ఒక్కొక్కరే పెదవి విరిచి వెళ్లిపోయారు. సాయంత్రం ముత్యాలు ఫోన్ చేశాడు. "చెల్లె, నువ్వేం మంత్రమేసినవో గాని, అన్ని కార్లు మంచిగైనయ్!" మర్నాడు ఎండెక్కేసరికి మళ్లీ ఫోను. "మళ్ల పోయినయ్."

ఆ మరునాడు పొద్దుటి నుంచీ ముసురు. రోజంతా ఫోను రాలేదు, అంటే కార్లు బాగానే ఉన్నాయి.

తెల్లవారి కూడా వానే. మధ్యాహ్నం నవనీత చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో, పరీక్షల కోసం చదివే గుంపుల నడుమ రేకుల కింద కూర్చుని పాలిటీ పుస్తకం ముందేసుకుంది. కళ్లు అక్షరాల మీద ఉన్నాయి గానీ మనసు గల్లీలో ఉంది. పొద్దుగూకితే ఎందుకు బాగుపడుతున్నాయి? వాన పడితే ఎందుకు బాగుపడుతున్నాయి? ఇంతలో వాన వెలిసింది. మబ్బు విడి, రేకు సందులోంచి ఎండ వచ్చి తెరిచిన పేజీ మీద పడింది. అప్పుడే ఫోన్ మోగింది.

"చెల్లె, మళ్ల పోయినయ్!"

నవనీత ఎండ పడిన పేజీని చూసింది, ఆకాశాన్ని చూసింది. కుర్చీ వెనక్కి పడిపోయేంత విసురుగా లేచింది.

"అన్నా, ఎండ! అది ఎండతోని బతుకుతుంది! సోలార్ పలక ఉన్నది ఏదో. నువ్వు ఆడనే ఉండు, ఎవ్వరినీ పోనియ్యకు, నేనొస్తున్న!"

చుట్టూ చదువుకుంటున్న వాళ్లంతా తలలెత్తి చూశారు. ఆమె పట్టించుకోలేదు. దారిలోనే కనకయ్యకు ఫోన్ చేసింది. ఆయన దుకాణం షట్టర్ సగం దించి, పక్క దుకాణం అతనికి చెప్పి, ఆటోలో గల్లీకి చేరుకున్నాడు.

ఈసారి నవనీత తొందరపడలేదు. మిషన్‌ను రొమ్ముకు ఆనించి పట్టుకుని, నిలుచున్న చోటే మెల్లగా చుట్టూ తిరిగింది. తన ఒళ్లే అడ్డుగోడ. అరుపు వీపు వైపు నుంచి వస్తే, ఒంటిని దాటి రావాలి కాబట్టి అంకె పడిపోవాలి. ఒక దిక్కున అంకె పడింది. అంటే అరుస్తున్నది ఆమె వీపు వైపు! గిరుక్కున వెనక్కి తిరిగి ఆ దిక్కుకు నడిచింది. కొంత దూరం పోయి మళ్లీ తిరిగింది. మళ్లీ అంకె పడింది. ఆమె వెనక ముత్యాలు, ముత్యాలు వెనక కనకయ్య, కనకయ్య వెనక సగం గల్లీ. దొంగ బ్యాటరీలన్న ఆవిడ కూడా కొంగు దోపుకుని వచ్చింది.

"దొరికిందా?" "ఇటేనా?" "ఆగుండ్రి, ఆ పిల్లను తిరగనియ్యిండ్రి!"

గల్లీ మలుపులో, అశోక్‌నగర్ వైపు పోయే దారి మొదట్లో అంకె ఇక పెరగనంత పెరిగింది. ఎదురుగా రామక్క నడిపే హాస్టల్. నవనీత తలెత్తి చూసింది. మేడ మీద నల్లటి నీళ్ల ట్యాంకు.

రామక్క గుమ్మంలోనే చేతులు చాపి అడ్డం నిలబడింది. "ఏంది, ఇంతమంది ఎక్కడికి? పైన పిల్లలు సదువుకుంటున్రు, పరీక్షలున్నయ్!"

"నేను గూడ పరీక్షలకు సదివేదాన్నే అక్కా. సప్పుడు చెయ్యకుంట పోయొస్త. నీ ట్యాంకు కాడ చిన్న డబ్బా ఏమన్నుందా, ఎండకు పెట్టింది?"

రామక్క చేతులు కిందికి దించింది. "ఉంది. ట్యాంకు నిండంగనే కింద మోటరు దానంతటదే బందయ్యేటట్టు పెట్టిచ్చిన. వైర్లు లేకుంట పని చేస్తదన్నరు. ఏం? దానికేమైంది?"

నవనీత రెండేసి మెట్లు ఎక్కింది. కనకయ్య మోకాళ్లు పట్టుకుంటూ వెనకే ఎక్కాడు. ట్యాంకు పక్కన సబ్బుపెట్టె అంత డబ్బా, దాని మీద అరచేయంత సోలార్ పలక. అంచున రబ్బరు ఊడి, లోపలికి చెమ్మ దిగిన మరకలు కనిపిస్తున్నాయి. ట్యాంకు నిండినప్పుడు కింది మోటరుకు తరంగంతో ఒక్క మాట చెప్పి ఊరుకోవలసిన డబ్బా అది. ఇప్పుడు మాట ఆపడం మరిచిపోయింది. లోపలి బ్యాటరీ కూడా చచ్చినట్టుంది, అందుకే ఎండ పోగానే దాని గొంతూ పోతోంది.

దండెం మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. నవనీత దాన్ని లాగి, మడతల మీద మడతలు పెట్టి పలక మీద కప్పింది. చేతిలోని మిషన్ మీద అంకె సున్నాకు జారిపోయింది. పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి కిందికి వంగింది.

"ముత్యాలన్నా! నొక్కు!"

కింద, గల్లీ మధ్యలో నిలబడి ముత్యాలు చెయ్యి పైకెత్తి నొక్కాడు. దూరంగా అతని కారు నాలుగు మూలలా పసుపు దీపాలు కొట్టింది. టిక్ టిక్!

"వచ్చిందో!"

ఆ కేకతో జేబుల్లోంచి, పర్సుల్లోంచి రిమోట్లన్నీ బయటికి వచ్చాయి. గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా కార్లు ఒకటి తర్వాత ఒకటి దీపాలు మిణుకుమనిపించాయి. టిక్ టిక్, టిక్ టిక్! నవనీతకు ఒళ్లంతా పులకరించింది. నమ్మకం కుదరక తువ్వాలు తీసింది, కార్లన్నీ మూగబోయాయి. కప్పింది, మళ్లీ పలికాయి. తీసింది, కప్పింది. ప్రతిసారీ కింద జనం సిక్సర్ పడినట్టు అరిచారు. చదువుకుంటున్న హాస్టల్ పిల్లలు కూడా పుస్తకాలు వదిలి మేడ మీదికి వచ్చేశారు.

"అయ్యో, నా ట్యాంకేనా గల్లీని ఇంత సతాయించింది!" రామక్క నెత్తి కొట్టుకుని, నవ్వాపుకోలేక పిట్టగోడ మీద కూర్చుండిపోయింది. డబ్బాను అప్పుడే విప్పించేసింది. వైరుతో పనిచేసేది పెట్టించుకుంటానని అందరి ముందూ మాటిచ్చింది. బ్యాటరీల ఆవిడ మేడెక్కి కనకయ్య దగ్గరికి వచ్చి, "అన్నా, నోరు జారిన. ఏమనుకోకు" అంది. కనకయ్య ఛాతీ ముందుకు పెట్టి మెట్లు దిగాడు.

ఆ మధ్యాహ్నం నవనీతకు ఒక సంగతి తేటతెల్లమైంది. అన్నేళ్లు పుస్తకాల ముందు కూర్చున్నా, ఆకలి దప్పులు తెలియకుండా ఒక్క ప్రశ్న వెంట ఇలా పరుగెత్తింది లేదు. ఆ తర్వాత వచ్చిన పరీక్ష రాసింది, రాయకుండా ఉండలేదు. రాసి వచ్చిన మర్నాడే కనకయ్యతో చెప్పింది, ఇక రోజంతా దుకాణంలోనే ఉంటానని. అప్పటికే దోమలగూడ నుంచి, బాగ్ లింగంపల్లి నుంచి "ఆ గల్లీని బాగుచేసిన అమ్మాయి ఉందా" అంటూ ఫోన్లు వస్తున్నాయి.

తండ్రికి చెప్పడమే మిగిలింది. ఆదివారం రాంనగర్ వెళ్లింది. బుగ్గయ్య గది ముందు అరుగు మీద కూర్చుని, చేతులకు అంటిన సిమెంటు పెచ్చులు గిల్లుకుంటున్నాడు. మాట వినగానే ఆయన చూపు నేల మీదికి వాలింది.

"అంటే, సర్కారు కొలువు వద్దనుకున్నవా?"

"వస్తే సూద్దాం నాయినా. గాని, నాకు ఈ పని మీదనే పానం ఉంది. ఎందుకో చెప్త, ఇను."

చెప్పింది. మూగబోయిన కార్లు, అద్దానికి ఆనించి నొక్కడం, వాన, పేజీ మీద ఎండ, మేడ మీద డబ్బా. సగానికి వచ్చేసరికి బుగ్గయ్య పెచ్చులు గిల్లుకోవడం మానేశాడు. తువ్వాలు కప్పిన చోటికి వచ్చేసరికి ముందుకు వంగాడు. కార్లన్నీ పలికాయనగానే తొడ మీద చరిచి లేచి నిలబడ్డాడు.

"గోడల చెమ్మ ఏడికెల్లి దిగుతుందో నేను గూడ గిట్లనే దేవులాడుత బిడ్డా!" అన్నాడు. తర్వాత పక్క గదుల వైపు తిరిగి, తన ఊరి నుంచి వచ్చి అదే పనిలో ఉన్న వాళ్లను పేరుపేరునా కేకేశాడు. వాళ్లు వచ్చి అరుగు చుట్టూ చేరాక, కూతురిని మధ్యలో కూర్చోబెట్టాడు.

"ఇగ చెప్పు. మొదటికెల్లి చెప్పు. ఏదీ ఇడిసిపెట్టకు."